పూల పండక్కి రెండు రోజుల ప్రయాణం

భాద్రపదం వెళ్ళి ఆశ్వయుజం వస్తోందంటే మన ఇళ్ళల్లో రెండు ప్రశ్నలు తప్పకుండా వినబడతాయి. “ఈసారి దసరా ఎప్పుడొచ్చింది?” అన్నది పెద్దవాళ్ళ ప్రశ్న. “సెలవులకి ఎక్కడికన్నా వెళదామమ్మా” అన్నది పిల్లల ప్రశ్న. మొదటిదానికి గోడమీద కేలండరు చూసి జవాబు చెబుతాం. రెండోదానికి మాత్రం “చూద్దాంలే” అంటాం. ఆ చూడడం దీపావళి దాకా సాగి, బడి తెరిచే రోజు వచ్చేస్తుంది. ఈ రెండు ప్రశ్నలకూ కలిపి ఒకే జవాబు చెప్పవచ్చునని నేను తెలుసుకోవడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. ఆ సంగతే ఇవాళ మీతో చెప్పుకుందామని వచ్చాను.

మనం ఉన్న ఊళ్ళో మన పండగ మనం చేసుకోవడం ఎప్పుడూ ఉన్నదే. శరదృతువులో మరో ఊరివాళ్ళు తమ పండగ ఎలా చేసుకుంటారో చూడ్డానికి శని, ఆదివారాలు కలిపి వెళ్ళి రావడం వేరే అనుభవం. అయితే మామూలుగా మనం ఏం చేస్తామంటే, ముందు మావారికి సెలవు ఎప్పుడు దొరుకుతుందో చూస్తాం, తరువాత రైలు టిక్కెట్లు చూస్తాం, ఆ తరువాత ఎక్కడ ఉండాలో చూస్తాం. అన్నీ అయ్యాక, అక్కడికి వెళ్ళిన రోజున ఏ పండగ ఉంటే అదే చూద్దామనుకుంటాం. పండగలు మన సెలవులు చూసి రావు కదండీ! వాటికి తిథులున్నాయి. నేను సరిగ్గా ఈ పొరపాటే చేశాను.

మా అత్తగారి పుట్టిల్లు హనుమకొండ. పెళ్ళయి విజయవాడ వచ్చారు. మా వైపు దసరా అంటే ఇంట్లో బొమ్మల కొలువు, కొండమీద కనకదుర్గమ్మ అలంకారాలు, వచ్చే పోయే చుట్టాలు. అలాంటి రోజుల్లో ఇంటికోడలు కొలువు వదిలేసి పుట్టింటికి వెళ్ళడమనే మాటే ఉండేది కాదు. ఆవిడ వెళితే వేసవి సెలవుల్లో వెళ్ళేవారు. వేసవిలో బతుకమ్మ ఎక్కడుంటుంది? అలా ముప్ఫయ్యేళ్ళు దాటిపోయాయి. ఎప్పుడూ ఒక్క మాట అని ఎరగరు. దసరా రోజుల్లో బజారునుంచి బంతిపూలు తెస్తే మాత్రం ఒక పువ్వు చేతిలోకి తీసుకుని, “ఇవి కాదమ్మాయ్, తంగేడు ఉండాలె” అనేవారు. మా ఇంట్లో ఆవిడ నోట “ఉండాలె” అనే మాట వినబడేది ఆ పది రోజుల్లోనే.

2015లో నాకు బుద్ధి పుట్టింది. ఈసారి అత్తగారిని బతుకమ్మకు తీసుకువెళదాం, ముందు చెప్పకుండా ఆశ్చర్యపరుద్దాం అనుకున్నాను. బతుకమ్మ తొమ్మిది రోజుల పండగ కదా, మధ్యలో శనివారం ఎటూ వస్తుంది, ఏ రోజు వెళితేనేం అనుకుని శనివారం పొద్దున వెళ్ళడానికీ, ఆదివారం మధ్యాహ్నం తిరిగి రావడానికీ టిక్కెట్లు కొన్నాం. అత్తగారు, మామగారు, మేమిద్దరం, పిల్లలిద్దరు. ఊరు వెళుతున్నామని రైలెక్కేముందే చెప్పాం. ఆవిడ ముఖం ఎలా వెలిగిందో చెప్పలేను. ఖమ్మం స్టేషనులో టీ తాగుతూ, “అమావాస్య ఏనాడు పోయింది?” అని అడిగారు. సోమవారమన్నాను. వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. మళ్ళీ మాట్లాడలేదు. సంతోషంతో మాట రావడం లేదేమో అనుకున్నాను.

హనుమకొండలో ఆవిడ అన్నగారి ఇంటికి చేరాక తెలిసింది. ఆ రోజు ఆరో రోజు. అలిగిన బతుకమ్మ. ఆ రోజున ఎవరూ బతుకమ్మను పేర్చరు, నైవేద్యం పెట్టరు, ఆడరు. అమ్మవారు అలిగిన రోజు అది. ఎందుకు అలిగిందంటే ఒక్కో ఇంట్లో ఒక్కో కథ చెబుతారు. వాకిట్లో ఒక్క పువ్వు లేదు. అప్పుడు నవ్వారు మా అత్తగారు. “అలిగిననాడు తోలుకొచ్చినవేమే!” అని వీపు తట్టారు. రైల్లోనే ఆవిడకు తెలిసిపోయింది, నన్ను చిన్నబుచ్చడం ఇష్టం లేక ఊరుకున్నారు. పోనీ మర్నాడు చూద్దామంటే బతుకమ్మ సాయంకాలపు ఆట. ఆడవాళ్ళు పొద్దుగూకే వేళకు ముస్తాబై వాకిళ్ళలోకి వస్తారు. మా తిరుగు రైలు మధ్యాహ్నం. సెలవు పెంచే వీలు లేక అందరం ఎలా వెళ్ళామో అలాగే వచ్చేశాం.

“వచ్చే ఏడు వద్దాంలెండి అత్తయ్యా” అన్నాను. వచ్చే ఏడు పెద్దవాడి పరీక్ష అడ్డం వచ్చింది. ఆపైన మామగారి ఆరోగ్యం. 2020లో కరోనా. ఆ మరుసటి సంవత్సరం మామగారు వెళ్ళిపోయారు. “వచ్చే ఏడు” అనే మాట మేం ఎంత తేలిగ్గా అనేశామో అప్పుడు తెలిసి వచ్చింది.

అందుకని 2023లో నేను ఉగాదికి కొన్న పంచాంగం ముందు పెట్టుకుని కూర్చున్నాను. మీకూ అదే చెబుతున్నాను. ముందు తిథి, తరువాత సెలవు, ఆ తరువాత రైలు. మన చాంద్రమాన సంవత్సరానికి రోజులు సుమారు 354. అందుచేత ఇంగ్లీషు కేలండరు ప్రకారం పండగలు ఏటా 11 రోజులదాకా ముందుకు జరుగుతాయి. రెండున్నర, మూడేళ్ళకోసారి అధికమాసం వచ్చి మళ్ళీ వెనక్కి నెడుతుంది. 2023లో శ్రావణం అధికమాసం కావడంవల్ల దసరా అక్టోబరు నాలుగో వారం దాకా వెళ్ళింది. 2025లో అక్టోబరు 2నే వచ్చేసింది. కిందటి ఏడు ఫలానా వారం వెళ్ళాం కదా అని ఈ ఏడూ ఆ వారమే వెళితే నాలాగే భంగపడతారు.

బతుకమ్మ భాద్రపద అమావాస్య, అంటే పెద్దల అమావాస్యనాడు మొదలై దుర్గాష్టమినాడు ముగుస్తుంది. మొదటి రోజు ఎంగిలిపూల బతుకమ్మ. తరువాత అటుకుల బతుకమ్మ, ముద్దపప్పు, నానబియ్యం, అట్ల బతుకమ్మ. ఆరోది మీకు ఇప్పుడు బాగా తెలుసు. ఏడోనాడు వేపకాయల బతుకమ్మ. కంగారు పడకండి, బియ్యపుపిండితో వేపకాయల ఆకారంలో చేసి వేయించిన పిండివంట అది. ఎనిమిదోనాడు వెన్నముద్దలు, ఆఖరున సద్దుల బతుకమ్మ. పేర్లు చూశారా? ఒకటి రెండు తప్ప తక్కినవన్నీ వంటింటి పేర్లే. ఏ రోజు ఏ నైవేద్యమో దాన్నిబట్టే ఆ రోజుకు పేరు. ఈ పేర్లు పెట్టింది ఆడవాళ్ళేనని నాకు అనుమానమేమీ లేదు. కొన్ని ఊళ్ళలో ఏడో రోజునే సద్దులు చేసేస్తారు. కాబట్టి కేలండరు ఒక్కటీ చాలదు. ఆ ఊళ్ళో తెలిసినవాళ్ళెవరైనా ఉంటే, “మీ దగ్గర సద్దులు ఏనాడు?” అని ఒక్క ఫోను చేసి అడగండి. ఎవరూ లేకపోతే బస చేయబోయే హోటలుకే ఫోను చేయండి.

మా అదృష్టంకొద్దీ 2023లో అక్టోబరు 21 శనివారం వెన్నముద్దలు, 22 ఆదివారం సద్దులు పడ్డాయి. పిల్లలకు దసరా సెలవులు. సోమవారం మావారికీ సెలవే. మూడు రోజులు కలిసి వచ్చాయి. టిక్కెట్లు ముందే కొన్నాం. ఇప్పుడు రైలు రిజర్వేషను 60 రోజుల ముందునుంచే ఇస్తున్నారు. పూర్వం 120 రోజులుండేది, 2024 నవంబరునుంచి తగ్గించారు. దసరా రోజుల్లో మొదటి రెండు మూడు రోజుల్లోనే నిండిపోతాయి కనక, పండగ తేదీనుంచి వెనక్కి అరవై రోజులు లెక్కపెట్టి ఆ తేదీ చుట్టూ కేలండరులో సున్నా చుట్టుకోండి. విజయవాడనుంచి వరంగల్లు సుమారు 200 కిలోమీటర్లు. పొద్దున్నే బయల్దేరే రైలెక్కితే పదింటికల్లా దిగిపోవచ్చు. హైదరాబాదు సోదరీమణులకు ఇంకా దగ్గర. తిరుగు రైలు మాత్రం ఎవరైనా సరే ఆట అయిన మర్నాటికి పెట్టుకోండి.

ఇంక బస విషయం. ఇక్కడ కాస్త నిష్ఠూరమైనా నిజం చెబుతాను. చుట్టాలిల్లు ఉంది కదా అని పండగపూట అయిదుగురం సామానుతో దిగితే ఆ ఇంటి ఇల్లాలి గతి ఏమిటి? ఆమెకు ఆ రోజు పూలు తేవాలి, పేర్చాలి, అయిదు రకాల సద్దులు కలపాలి, సాయంత్రానికి చీర కట్టుకుని వాకిట్లోకి రావాలి. మధ్యలో మనకు కాఫీలు, టిఫిన్లు. మన ఆనందంకోసం ఆమె పండగ పాడుచెయ్యడం న్యాయం కాదు. అందుకని మేం హనుమకొండలో ఒక హోటల్లో రెండు గదులు తీసుకున్నాం. అత్తగారి అన్నగారు కాస్త నొచ్చుకున్న మాట నిజమే. కాని అత్తగారి వదినెగారు నొచ్చుకోలేదు! ఆదివారం పొద్దున్నే వెళ్ళి పనిలో చెయ్యి వేశాం. భోజనం అక్కడే, పడక గదిలో. గది తీసుకునేటప్పుడు పెద్దవాళ్ళుంటే కింది అంతస్తు అడగండి. స్నానాలగదీ అదీ పాశ్చాత్య పద్ధతిలో ఉన్నదో లేదో ముందే కనుక్కోండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు ఊరంతా చూడడంకంటే ఇది ముఖ్యం.

మరి మన ఇంట్లో కొలువు సంగతి? కలశం పెట్టి అఖండ దీపం వెలిగించే ఆచారమున్నవాళ్ళు నవరాత్రుల్లో ఇల్లు కదలలేరు, కదలమనను కూడా. మాది బొమ్మల కొలువు మాత్రమే. మా పక్కింటి పిన్నిగారిది విజయనగరం. ఆవిడకు తాళం ఇచ్చి రెండు పూటలా దీపం, హారతి అప్పజెప్పాను. దసరా తరువాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మవారి సిరిమానోత్సవం. సోమవారం తొలేళ్ళు, మంగళవారం సిరిమాను. ఎత్తయిన చింతమాను కొసన పూజారి కూర్చుని ఉంటే, కోటకూ గుడికీ మధ్య మూడుసార్లు ఊరేగిస్తారు. ఆవిడ దానికి వెళ్ళినప్పుడు వాళ్ళింటి దీపం, చిలకకు గింజలు నా వంతు. ఆ చిలక నన్ను రెండుసార్లు కరిచింది, అది వేరే విషయం. విశాఖపట్నం వైపు సోదరీమణులు సిరిమానుకు వెళ్ళవచ్చు. కాని అది సోమ, మంగళవారాల పండగ, శని ఆదివారాల్లో ఇమడదు. సెలవు పెట్టే ధైర్యముంటేనే తలపెట్టండి.

శనివారం వరంగల్లులో దిగి, గదికి వెళ్ళి, అత్తగారిని మధ్యాహ్నమంతా పడుకోనిచ్చాం. ప్రయాణం రోజున ఊరు చూపిస్తామని తిప్పితే సాయంత్రానికి అందరూ చిరాకు పడతారు. నాలుగు దాటాక వేయిస్తంభాల గుడికి వెళ్ళాం. కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడి. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భాలయాలు, ఎదురుగా నల్లరాతి నంది. విడదీసి మళ్ళీ పేర్చుతున్న కల్యాణమండపం మేం వెళ్ళినప్పుడు తెరవలేదు. 2024 మార్చిలో తెరిచారు కనక మీకు ఆ భాగ్యం ఉంది. ఎంగిలిపూల నాడు ఈ గుడి ఆవరణలోనే ఊరి ఆడవాళ్ళు పెద్ద సంఖ్యలో బతుకమ్మ ఆడతారు.

ఆదివారం పొద్దున అన్నగారి వాకిట్లో పూలరాశి పోసి ఉంది. తంగేడు పచ్చగా, గునుగు తెల్లగా, బంతి, చేమంతి, కట్లపూలు, గుమ్మడిపూలు, పట్టుకుచ్చులు. తంగేడు బీడుభూముల్లో మొలిచేది, గునుగు మెట్టచేలల్లో కలుపుమొక్క. ఎవరూ నీళ్ళు పోసి పెంచరు. వానలు పడి ఈ రోజులకు విరగబూస్తాయి. దేవుడి పూజకు మనం గులాబీలు, మల్లెలు వెతుక్కుంటాం. ఇక్కడ పైరుకు అడ్డమని పీకేసే పువ్వుకే అగ్రస్థానం. ఊళ్ళు పెరిగి చేలు తగ్గిపోయాక గునుగు కూడా బజారులో కట్టలు కట్టి అమ్ముతున్నారు. అయినా మగపిల్లలు తెల్లవారుజామునే ఊరిబయటికి పోయి తంగేడు కోసుకురావడం ఇంకా ఉంది. మా చిన్నవాడు వాళ్ళతో వెళ్ళి చెప్పులనిండా బురదతో వచ్చాడు. హోటల్లో టీవీ ఉన్నదన్న మాటే మరిచిపోయాడు.

ముందు పళ్ళెంలో గుమ్మడాకులు పరిచి, దానిమీద గుండ్రంగా తంగేడు వరస. గునుగు కాడలను సమంగా కత్తిరించి, కొసలు రంగుల్లో అద్ది, వరసమీద వరస పేరుస్తారు. మధ్యలో ఖాళీ లేకుండా ఆకులు, కాడలు కూరుతారు. లేకపోతే మోసుకువెళ్ళేటప్పుడు ఒక పక్కకు ఒరిగిపోతుంది. పైకి పోయేకొద్దీ సన్నబడి గోపురంలా లేస్తుంది. శిఖరాన పసుపు గౌరమ్మ. చూస్తే సులువుగా ఉంటుంది. నేను మూడు వరసలు పేర్చేసరికి నాలుగోది జారిపోయింది. అత్తగారు పీట వేసుకుని కూర్చుని, ఏమీ అనకుండా నా చేతిలోంచి గునుగు కట్ట తీసుకున్నారు. అన్నేళ్ళ తరువాత కూడా ఆ వేళ్ళు తడుముకోలేదు. మరి మీరూ చెయ్యి వేస్తామంటే పాత చీర ఒకటి పెట్టుకు వెళ్ళండి. ఆ రంగులు అంటితే ఒక పట్టాన వదలవు.

వంటింట్లో సద్దులు అయిదు రకాలు: పెరుగు, చింతపండు పులుపు, నిమ్మకాయ, కొబ్బరి, నువ్వులు. మనకు ఇవన్నీ తెలిసిన వంటలే. నేను కొత్తగా నేర్చుకున్నది మలీద. రొట్టెలు చేసి, వేడిమీదనే చేత్తో నలిపి, బెల్లం, నెయ్యి వేసి ముద్దలు కడతారు. దారికి దీన్ని మించింది లేదు. రెండు రోజులు నిలవుంటుంది, చేతులకు జిడ్డు తప్ప బట్టలమీద కారదు. తిరుగు రైల్లో మాకు అదే టిఫిను.

సాయంకాలం బయల్దేరేముందు అందరం చీరలు మార్చుకున్నాం. అత్తగారు మాత్రం కట్టుకున్న చీరతోనే ఉన్నారు. “నేనెందుకమ్మాయ్ ఇప్పుడు. ఒడ్డున కూచుని చూస్తా, మీరు ఆడండి” అన్నారు. ఎందుకన్నారో నాకు అర్థమైంది. ఎనిమిదేళ్ళ కిందట ఇదే ఊరికి వచ్చినప్పుడు పక్కన మామగారున్నారు. నాకేం మాట్లాడాలో తోచలేదు. ఆరో రోజున తీసుకొచ్చిన ఘనత నాదే కదా.

పద్మాక్షి గుట్ట కింద గుండం దగ్గరికి వెళ్ళాం. హనుమకొండలో సద్దుల బతుకమ్మకు పేరుపడిన చోటు. వీధివీధినుంచి ఆడవాళ్ళు తలమీద, చేతుల్లో బతుకమ్మలతో వస్తున్నారు. ఎటు చూసినా పూలగోపురాలే. అన్నీ ఒకచోట దించి చుట్టూ వలయంగా నిలబడి, ఒకరు పాట ఎత్తుకుంటే తక్కినవాళ్ళు “ఉయ్యాలో” అని అందుకుంటూ, వంగి చప్పట్లు చరుస్తూ తిరుగుతారు. ఒక వలయంలో ఆఫీసరు భార్య, కూరలమ్మే ఆవిడ పక్కపక్కనే. మా అత్తగారు గట్టున, మనుషుల వెనకాల నిలబడ్డారు. అంతలో ఆవిడ వదినెగారు, ఎనభై దగ్గర పడ్డ మనిషి, వలయంలోంచి ఇవతలికి వచ్చి, “అగో, గా మూలకు నిలబడ్డవేంది? అన్ని పట్టింపులు ఈడ పెట్టకు. జరుగుండ్రి, మా ఆడిబిడ్డ వచ్చింది” అని చెయ్యి పట్టి లాక్కుపోయింది. పక్కనున్న ఇద్దరు, మాకు తెలియనివాళ్ళే, ఒక్క మాట అడక్కుండా జరిగి చోటిచ్చారు.

మొదటి చుట్టు ఆవిడకు పాట అందలేదు. ఊరికే నడిచారు. రెండో చుట్టులో చప్పట్లు కలిశాయి. మూడో చుట్టుకు గొంతు వినబడింది. అంత పెద్ద గొంతు ఉందని నాకు అంతవరకూ తెలియదండీ. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ మా ఇంట్లో పాడగా నేను వినలేదు. మావారు దూరంగా పిల్లల చేతులు పట్టుకుని నిలబడి, ఫోను జేబులోంచి తీసి, మళ్ళీ జేబులోనే పెట్టేసుకున్నారు. మంచి పని చేశారు. ఆడేవాళ్ళ మధ్యకు ఫోన్లు పట్టుకుని దూరేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

చీకటి పడ్డాక బతుకమ్మలను నీళ్ళలో వదులుతారు. ఇక్కడ జాగ్రత్త కావాలి. మెట్లమీద పూలు, ఆకులు తొక్కుడుపడి జారుతుంటాయి. జనం ఒక్కసారిగా నీటివైపు కదులుతారు. పిల్లలనూ పెద్దవాళ్ళనూ నీళ్ళదాకా తీసుకువెళ్ళకండి. గట్టుమీద ఒక గుర్తు చెప్పుకుని, తప్పిపోతే అక్కడే కలుసుకోవాలని ముందే చెప్పండి. ఆ సందడిలో ఫోను మోగినా వినబడదు. మంచి నగలు గదిలోనూ వద్దు, ఒంటిమీదా వద్దు, ఇంట్లోనే వదిలి రండి. ఆశ్వయుజంలో వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేం కనక రెండు గొడుగులు సంచీలో పెట్టుకోండి. నీళ్ళలో వదిలాక గౌరమ్మ పసుపు పంచుకుంటారు, తెచ్చిన సద్దులు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకుని అక్కడే గట్టున కూర్చుని తింటారు. తెలియనివాళ్ళు మీ చేతిలో పెట్టినా వద్దనకండి. మీరూ ఏదైనా చేసుకు వెళితే మరీ బాగుంటుంది. నేను విజయవాడనుంచి జంతికలు తీసుకువెళ్ళాను. సద్దుల్లో జంతికలేమిటని నవ్వారు గాని డబ్బా మాత్రం ఖాళీ చేసి ఇచ్చారు.

సోమవారం పొద్దున పిల్లల్ని రామప్ప గుడికి తీసుకువెళ్ళాం. పాలంపేటలో ఉంది, హనుమకొండనుంచి 65 కిలోమీటర్ల పైమాట, సగం రోజు పడుతుంది. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్ళలో తేలేటంత తేలికవి. 2021లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించారు. పిల్లలకు ఇటుకల కథ బాగా నచ్చింది. కారు మాట్లాడుకుంటే సులువు. సమయం లేనివాళ్ళు ఊళ్ళోనే ఉన్న కోట, రాతి తోరణాలు చూసుకుంటే చాలు. రెండూ ఒకే పూట పెట్టుకోవద్దు. అత్తగారు మాతో రాలేదు. వదినెగారి ఇంట్లో మంచంమీద ఇద్దరూ పక్కపక్కన పడుకుని, మేం తిరిగి వచ్చేదాకా మాట్లాడుకుంటూనే ఉన్నారట.

తిరుగు రైల్లో ఆవిడ కొంగుముడి విప్పి చూపించారు. రాలిన గునుగు కంకుల్లోంచి దులిపిన గింజలు, నల్లగా, ఆవగింజకన్నా సన్నగా. మా మేడమీద రెండు కుండీల్లో చల్లాం. మరుసటి ఏడు వానలకు మొలిచాయి. అన్నట్టు 2024లో సద్దులు గురువారం పడ్డాయి, అక్టోబరు 10న. శని ఆదివారాలు కుదరలేదు. ఆ సాయంత్రం మా మేడమీదే, కుండీల్లో పూసిన గునుగు, బజారునుంచి తెచ్చిన బంతి కలిపి జానెడు బతుకమ్మను పేర్చారు. తంగేడు దొరకలేదు. పక్కింటి పిన్నిగారూ, కింది వాటాలో ఇద్దరు పిల్లలూ, నేనూ చుట్టూ తిరిగాం. పాట అత్తగారు ఎత్తుకున్నారు.